ఏం చదవాలో ముందే తేల్చుకోండి: మామూలు పాఠకులకు ఒక పద్ధతి

చదవాలని ఉంది గానీ కుదరడం లేదు అనేవాళ్ళలో చాలామంది చదవడం దగ్గర ఆగిపోరు, పుస్తకం ఎంచుకోవడం దగ్గరే ఆగిపోతారు. పనులన్నీ ముగిశాక రాత్రి ఒక అరగంట తీరిక దొరుకుతుంది. ఏం చదవాలా అని అల్మరా ముందు నిలబడి నాలుగు పుస్తకాలు తీసి పెట్టేసరికి పది నిమిషాలు, ఎవరు దేన్ని మెచ్చుకున్నారో ఫోన్‌లో వెతికేసరికి మరో పది నిమిషాలు పోతాయి. ఈలోగా ఫోన్‌లోనే ఇంకేదో కంటబడుతుంది, ఆ రోజుకు చదువు అక్కడితో సరి.

ఎంచుకోవడం ఒక పని, చదవడం వేరే పని. మొదటిదానికి చురుకైన బుర్ర కావాలి, రెండోదానికి తీరిక కావాలి. ఈ రెండింటినీ ఒకే అరగంటలో ఇరికించడం వల్లే ఏదీ సాగదు. పరీక్షల కోసమో ఉద్యోగం కోసమో కాక ఇష్టం కొద్దీ చదువుకునేవారు ఈ రెండు పనులనూ ఎలా విడదీసుకోవచ్చో, పుస్తకాన్ని ఎలా పరీక్షించాలో, నచ్చనిదాన్ని ఎప్పుడు వదిలేయాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ముందుగా మీ వేగం కొలుచుకోండి

ప్రస్తుతం చదువుతున్న పుస్తకమో, ఎప్పుడో సగంలో ఆపినదో ఒకటి తీసుకొని, గడియారం చూసుకొని, రోజూ చదివే తీరులోనే పది పేజీలు చదవండి. పట్టిన నిమిషాలను పదితో భాగిస్తే మీకు పేజీకి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. నవలకు ఒకసారి, చరిత్రకో శాస్త్ర విషయానికో మరోసారి విడివిడిగా కొలవండి, ఎందుకంటే ఆ రెండు వేగాలూ ఒకటి కావు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో 190 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, ఇంగ్లీషును మౌనంగా చదివే పెద్దవాళ్ళ సగటు వేగం కథా సాహిత్యానికి నిమిషానికి 260 పదాలు, ఇతర రచనలకు 238 పదాలు అని లెక్క తేల్చారు. ఆ అంకెలను తెలుగుకు అన్వయించలేం. ‘వెళ్ళలేకపోయినవాళ్ళకు’ అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే ఎన్ని పదాలు కావాలో చూడండి. తెలుగు పాఠకుడికి పదాల లెక్క కన్నా పేజీల లెక్కే నయం.

మీకు పేజీకి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. రోజుకు పావుగంట చదివితే ఏడు పేజీలు అవుతాయి, అంటే 200 పేజీల నవల 29 రోజుల్లో పూర్తవుతుంది. ఏడాది మొత్తానికి 2,555 పేజీలు, అంటే అలాంటి నవలలు పన్నెండు దాటతాయి. పావుగంటకు ఇంత ఫలితమా అని సంతోషపడే ముందు రెండో వైపు కూడా చూడండి. ఇదే లెక్కన 900 పేజీల పుస్తకానికి నాలుగు నెలలు దాటుతుంది. లావుపాటి పుస్తకాన్ని ఎంచుకోవడమంటే నాలుగు నెలల తీరికను దానికి అప్పగించడమే. ఆ సంగతి ముందే తెలిసి ఎంచుకున్నవారికి మధ్యలో నీరసం రాదు, తెలియక మొదలుపెట్టినవారు మూడో వారంలో తమ సోమరితనాన్ని తిట్టుకుంటారు.

వేగంగా చదవడం నేర్పుతామనే శిక్షణల జోలికి వెళ్ళకండి. కీత్ రేనర్, మరో నలుగురు పరిశోధకులు 2016లో ప్రచురించిన సమీక్షలో, వేగాన్ని మామూలు స్థాయి కన్నా బాగా పెంచితే అర్థం చేసుకోవడం ఆ మేరకు తగ్గిపోతుందని స్పష్టంగా చెప్పారు. భాష మీద పట్టు పెరిగేకొద్దీ వేగం తనంతట తానే పెరుగుతుంది, భాష మీద పట్టు చదవగా చదవగా వస్తుంది.

చేతిలో ఒకటి, వరసలో రెండు

ఇప్పుడు ఎంపికను చదివే వేళ నుంచి బయటికి తెచ్చేయాలి. నెలకు ఒకసారి, అలసట లేని ఒక పగటిపూట, అరగంట దీనికి కేటాయించండి. ఇంట్లో ఉన్నవి, అరువు తెచ్చుకున్నవి, కొనాలనుకుంటున్నవి అన్నీ తలచుకొని, చేతిలో ఉన్న పుస్తకం తర్వాత చదవాల్సిన రెండింటిని మాత్రమే తేల్చుకోండి. అయిదు వద్దు, పది అసలే వద్దు. పెద్ద జాబితా ఉంటే ప్రతి రాత్రీ మళ్ళీ ఎంపిక మొదటికి వస్తుంది, మనం తప్పించుకోవాలనుకున్నది దాన్నే కదా.

ఆ రెండింటిలో ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది ఉండాలి. ఇక్కడ బరువు అంటే పేజీలు కాదు, మనసు మీద పడే భారం. మూడు వందల పేజీల అపరాధ పరిశోధన నవల తేలిక కావచ్చు, ఎనభై పేజీల కవితా సంపుటి బరువు కావచ్చు. ఆఫీసులో నెలాఖరు పని ఒత్తిడి ఉన్నప్పుడు తేలికైనదాన్ని ముందుకు తెచ్చుకోవడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడుతుంది.

వరసలో పెట్టిన ప్రతి పుస్తకం అట్ట లోపలా ఒక చీటీ మీద, దీన్ని ఎందుకు చదవాలనుకున్నారో ఒక్క వాక్యం రాసి ఉంచండి. ‘స్నేహితురాలు చెప్పింది’ అని రాస్తే చాలదు. ‘సముద్ర ప్రయాణాల మీద ఆసక్తి పుట్టింది, ఇందులో ఓడ జీవితం ఉందట’ అన్నంత వివరంగా ఉండాలి. ఆ వాక్యం రాయడానికి కలం కదలకపోతే, ఆ పుస్తకం మీద మీకున్నది ఆసక్తి కాదు, మొహమాటమేమో చూసుకోండి.

వరసలోకి రాని పుస్తకాలను కంటికి కనబడని చోట పెట్టేయండి. కొని చదవకుండా పేర్చుకునే అలవాటుకు జపాన్ వాళ్ళు సుందోకు అని ఏకంగా ఒక పేరే పెట్టుకున్నారు, కాబట్టి దాని గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే పడక పక్కన పేర్చిన ఎనిమిది పుస్తకాల దొంతర ప్రతి రాత్రీ మీకు ఎనిమిది బాకీలను గుర్తు చేస్తుంది.

ఒకేసారి రెండు పుస్తకాలు చదవవచ్చా అని చాలామంది అడుగుతారు. నిరభ్యంతరంగా చదవవచ్చు, అయితే రెండూ ఒకే జాతివి కాకుండా చూసుకోండి. నవలతో పాటు వ్యాసాలు చక్కగా సాగుతాయి. రెండు నవలలు పెట్టుకుంటే వారం తిరిగేసరికి ఒకదాని మేనమామ ఇంకోదాని పెళ్ళిలో కనబడతాడు.

పుస్తకాన్ని పది నిమిషాలు పరీక్షించండి

వరసలోకి తీసుకునే ముందు ప్రతి పుస్తకాన్నీ ఒకసారి పట్టి చూడాలి. దీనికి పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాలు నిజంగా ఇవ్వాలి.

అట్ట వెనక రాసినదాంట్లో ప్రశంసలను వదిలేసి, పుస్తకం దేని గురించో చెప్పే వాక్యాలను మాత్రమే చదవండి. ‘హృదయాన్ని కదిలించే’, ‘ప్రతి ఒక్కరూ చదవాల్సిన’ వంటి మాటలను తీసి ఇంకో పుస్తకం అట్ట మీద పెట్టినా సరిపోతాయి, కాబట్టి వాటి వల్ల మీకు తెలిసేది ఏమీ ఉండదు.

తర్వాత ముద్రణ వివరాల పేజీకి వెళ్ళండి. చాలామంది ఈ పేజీని చూడనే చూడరు, నా దృష్టిలో అట్ట కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. మొదటి ముద్రణ ఏ సంవత్సరంలో వచ్చింది, ఇప్పుడు చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణ అన్నది గమనించండి. కథకూ కవిత్వానికీ సంవత్సరం పెద్ద అడ్డంకి కాదు గానీ, ఆరోగ్యం, సాంకేతికత, ఆర్థిక విషయాల మీద ఇరవై ఏళ్ళ కిందట రాసినదాన్ని మార్పులు చేయకుండా మళ్ళీ ముద్రించి ఉంటే అది చరిత్రగా పనికొస్తుందే తప్ప సలహాగా పనికిరాదు. అనువాదమైతే మూల భాష ఏది, అనువాదకులు మూలం నుంచే చేశారా, లేక ఇంగ్లీషు మీదుగా తెచ్చారా అన్నది ఈ పేజీలోనో అనువాదకుల మాటలోనో దొరుకుతుంది. మీదుగా వచ్చినంత మాత్రాన అనువాదం చెడ్డదని కాదు. అయితే వాక్యం ఎక్కడైనా తడబడుతుంటే తప్పు మూల రచయితది కాకపోవచ్చని ముందే తెలిసి ఉంటుంది. అదే పేజీలో ఉండే, పుస్తకం ఒక్కో కూర్పును గుర్తుపట్టడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్యను కూడా చూడండి. 2007 జనవరి నుంచి దానికి 13 అంకెలు ఉంటున్నాయి, అంతకు ముందు 10 ఉండేవి. మామూలు అట్టకూ గట్టి అట్టకూ, పాత కూర్పుకూ సవరించిన కూర్పుకూ వేర్వేరు సంఖ్యలు ఇస్తారు కాబట్టి, దూరం నుంచి తెప్పించుకునేటప్పుడు పేరును బట్టి కాక ఈ సంఖ్యను బట్టి వెతికితే కోరుకున్న కూర్పే చేతికొస్తుంది.

ఆ తర్వాత విషయసూచిక. విషయ ప్రధానమైన పుస్తకాలకు నేను పాటించే పరీక్ష ఒకటుంది. విషయసూచికలో నాకు బాగా తెలిసిన అంశం ఏదో వెతికి, ఆ అధ్యాయంలో రెండు పేజీలు చదువుతాను. ఖగోళశాస్త్రం మీద మామూలు పాఠకుల కోసం రాసిన పుస్తకం ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. చంద్రగ్రహణం పౌర్ణమి నాడే వస్తుందనీ, భూమి నీడ చంద్రుడి మీద పడడం వల్ల వస్తుందనీ మీకు తెలుసు. గ్రహణాల అధ్యాయం తెరిచి, మరి ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్నను రచయిత ఎత్తుకున్నారో లేదో చూడండి. చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యా తలానికి సుమారు 5 డిగ్రీల వాలుతో ఉంటుందనీ, అందుకే చాలా పౌర్ణములకు చంద్రుడు ఆ నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడనీ, మీ కళ్ళ ముందు రెండు కంకణాలు ఒకదానికొకటి వాలి నిలబడేలా చెప్పగలిగితే, మీకు తెలియని కృష్ణబిలాల అధ్యాయంలో కూడా ఆ రచయితను నమ్మవచ్చు. నీడ పడుతుంది అన్న ఒక్క మాటతో దాటేస్తే, తెలియని అధ్యాయాల్లో ఇంకెన్ని దాటేశారో మీరు కనిపెట్టలేరు.

ముందుమాటల్లో రచయిత స్వయంగా రాసుకున్నదాన్ని మాత్రం చదవండి. ఇతరులు రాసినవాటిని పుస్తకం పూర్తయ్యాకే తెరవండి, వాటిలో కథంతా ముందే బయటపెట్టేసేవి తక్కువేమీ కాదు.

చివరగా మధ్యలో ఒక పేజీ తెరిచి మొత్తం చదవండి. మొదటి పేజీని రచయితలు పదిసార్లు దిద్దుకొని ఉంటారు, నూట ఇరవయ్యో పేజీకి అంత దిద్దుబాటు దక్కి ఉండదు, అక్కడ వచనం ఎలా నడుస్తోందో అదే ఆ పుస్తకం అసలు నడక. చదివిన వాక్యాన్నే అర్థం కాక రెండుసార్లు చదవాల్సి వచ్చిందా, తెలియని మాటలు ఎన్ని తగిలాయి, పేజీ అయిపోయాక తిప్పాలనిపించిందా అన్న మూడు విషయాలు చూసుకోండి. తెలియని మాటలు అయిదారు తగిలితే పుస్తకం పనికిరాదని కాదు, దాన్ని బరువైనవాటి జాబితాలో వేయాలని అర్థం. కథల సంపుటి అయితే పుస్తకానికి పేరిచ్చిన కథను పక్కన పెట్టి, అన్నిటికన్నా చిన్న కథను చదవండి. మూడు పేజీల్లో పట్టి నిలపగలిగిన రచయిత ముప్పై పేజీల్లో చేయి వదిలేయడం అరుదు.

సలహాలను జల్లెడ పట్టండి

పరీక్షించడానికి ముందు పుస్తకాల పేర్లు ఎక్కడి నుంచో రావాలి కదా. ఎవరినైనా అడిగేటప్పుడు ‘మంచి పుస్తకం చెప్పండి’ అని అడగకండి, అలా అడిగితే తాము చదివినట్టు నలుగురికీ తెలియాలనుకునే పుస్తకం పేరే చెబుతారు. ‘ఈమధ్య మీరు కింద పెట్టకుండా చదివింది ఏది, అందులో మిమ్మల్ని అంతగా పట్టి ఉంచింది ఏమిటి’ అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మీకు కావలసింది. ఎవరి మాట మీద రెండు పుస్తకాలు చదివి రెండూ నచ్చాయో, వారి మాటకు ఆ తర్వాత వెయ్యి మంది పొగడ్తల కన్నా ఎక్కువ విలువ ఇవ్వండి.

పాఠకుల సమీక్షలు చూసే అలవాటుంటే, అయిదు నక్షత్రాలవీ ఒక నక్షత్రంవీ వదిలేసి మూడు నక్షత్రాలవి చదవండి. ఏది నచ్చిందో ఏది నచ్చలేదో రెండూ చెప్పే ఓపిక వారికే ఉంటుంది. ‘కథ నెమ్మదిగా నడుస్తుంది, ఊరి వర్ణనే నలభై పేజీలు’ అని ఎవరో విసుక్కున్నారంటే, వర్ణనలంటే ఇష్టపడేవారికి అది ఆహ్వాన పత్రిక.

బహుమతులను నమ్ముకునేవారు అవి దేనికి ఇస్తారో తెలుసుకోవాలి. నోబెల్ సాహిత్య బహుమతిని సాధారణంగా ఒక రచయిత మొత్తం కృషికి ఇస్తారు, కాబట్టి ఆ ప్రకటన వల్ల ఎవరిని చదవాలో తెలుస్తుంది గానీ ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో తెలియదు. అలాంటప్పుడు ఆ రచయిత రాసినవాటిలో సన్నగా ఉన్నదాన్ని ముందు తీసుకోవడం క్షేమం. అంతర్జాతీయ బుకర్ బహుమతిని 2016 నుంచి ఏటా ఇంగ్లీషులోకి అనువాదమైన ఒక్క పుస్తకానికి ఇస్తున్నారు, ఆ సొమ్మును రచయితకూ అనువాదకులకూ సమానంగా పంచుతారు. గెలిచిన పుస్తకం కన్నా దాని తుది జాబితాలో మీ అభిరుచికి తగినది దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఒకటి కాక ఆరు పుస్తకాలు ఉంటాయి. చచ్చేలోగా చదివి తీరాల్సిన నూరు పుస్తకాల వంటి జాబితాల మీద నాకు గౌరవం లేదు. వాటిని చూసి ఆనందపడినవారి కన్నా అపరాధ భావంతో కుంగినవారే నాకు ఎక్కువ తగిలారు.

పేర్ల కోసం ఇంకో మంచి దారి లైబ్రరీ బీరువాలే. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణలో ఒక్కో విషయానికి ఒక్కో సంఖ్య ఉంటుంది, దాన్ని పాటించే లైబ్రరీల్లో ఒకే విషయం మీద రాసిన పుస్తకాలు పక్కపక్కనే చేరతాయి. మీకు నచ్చిన పుస్తకం ఎక్కడుందో పట్టుకొని, దానికి ఎడమ వైపు అయిదు, కుడి వైపు అయిదు తీసి చూస్తే, ఎవరూ చెప్పని పేర్లు కనీసం రెండు దొరుకుతాయి. గ్రంథాలయ శాస్త్రంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమనే చెబుతుంది, కాబట్టి లైబ్రేరియన్‌ను అడగడానికి మొహమాటపడకండి. నచ్చిన పుస్తకం చివర ఇచ్చిన ఆధారాల పట్టికను తిరగేయడం, నచ్చిన అనువాదకులు ఇంకేం అనువదించారో వెతకడం కూడా ఇలాంటి దారులే. రెండోదాన్ని మనవాళ్ళు ఎందుకో పెద్దగా పట్టించుకోరు.

చదివే వేళను ఒక పనికి ముడిపెట్టండి

‘రాత్రి తొమ్మిదింటికి చదువుతాను’ అనుకోవడం కన్నా ‘పక్క వేసుకోగానే చదువుతాను’ అనుకోవడం నిలుస్తుంది. గడియారం తొమ్మిది కొట్టినా మనం వేరే పనిలో ఉండవచ్చు, పక్క మాత్రం రోజూ వేసుకోక తప్పదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ చేసే ఒక పని తర్వాత కొత్త పనిని జోడించుకుంటే అది అలవాటుగా స్థిరపడడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని అంచనా వేశారు. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. వాళ్ళు గమనించినవి తిండి, వ్యాయామం వంటి అలవాట్లు, చదువు కాదు. అయినా అందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. వరసగా ఎన్ని రోజులు చదివారో లెక్కపెట్టే యాప్‌లు పెట్టుకొని, ఒక రోజు తప్పగానే లెక్క సున్నాకు వచ్చిందని మొత్తం మానేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రోజుకు కనీసం రెండు పేజీలు అని నియమం పెట్టుకోండి. ఎక్కువ చదివితే సంతోషమే, కానీ ఆ ఎక్కువ మరునాటికి నియమం కాకూడదు. ఆపేటప్పుడు అధ్యాయం చివర ఆపకండి. అధ్యాయం ముగిసిందంటే ఒక ముడి విడిపోయినట్టే, మరునాడు మళ్ళీ మొదటి నుంచి ఉత్సాహం తెచ్చుకోవాల్సి వస్తుంది. తలుపు కొట్టింది ఎవరో ఇంకా తెలియని చోట ఆపితే, మరునాడు పుస్తకమే మిమ్మల్ని పిలుస్తుంది. ఇక ఫోన్ ఎక్కడ పెట్టాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. చేయి చాపితే అందని చోట.

కాగితమా, తెరా, చెవులా

ఏది మీ దగ్గర సులువుగా ఉంటే అదే మంచిది, రెండు జాగ్రత్తలు తప్ప. 2018లో వెలువడిన ఒక విశ్లేషణలో పాబ్లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను, అంటే లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసింది. విషయ ప్రధానమైన రచనలను కాగితం మీద చదివినవారికే మెరుగ్గా అర్థమైందని, కథలకు మాత్రం కాగితానికీ తెరకూ తేడా కనబడలేదని తేలింది. కాబట్టి చరిత్రను కాగితం మీద, నవలను కావాలంటే తెర మీద చదవవచ్చు. రెండో జాగ్రత్త రాత్రి చదివేవారికి. 2014 చివర అమెరికాలో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, పడుకునే ముందు వెలుగు చిమ్మే తెర మీద చదివినవారికి అచ్చు పుస్తకం చదివిన రాత్రుల కన్నా నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది. అందులో పాల్గొన్నది పన్నెండు మందే, తెర వెలుగు కూడా పూర్తిగా పెంచి పెట్టారు, కాబట్టి భయపడాల్సిన పని లేదు. వెలుగు తగ్గించుకుంటే చాలు.

ఆడియో పుస్తకాలు ఆత్మకథలకూ యాత్రా కథనాలకూ బాగా కుదురుతాయి. పాత్రలు ఎక్కువగా ఉన్న నవలకు కుదరవు, ఫలానా పేరు ఇంతకు ముందు ఎక్కడ వచ్చిందో వెనక్కి తిప్పి వెతుక్కోవడం చెవులతో అయ్యే పని కాదు.

వదిలేయడానికి ఒక గీత గీసుకోండి

ఒక యుద్ధ చరిత్ర పుస్తకంలో నేను 112వ పేజీ దగ్గర గుర్తు పెట్టి ఎనిమిది నెలలు అలాగే ఉంచాను. అంత పేరున్న పుస్తకాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు, ముందుకు సాగడానికి ఓపిక లేదు. దాన్ని పూర్తి చేయకుండా ఇంకోటి మొదలుపెట్టడం తప్పనిపించి, ఆ ఎనిమిది నెలలూ మరే పుస్తకమూ ముట్టుకోలేదు. చివరికి ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది, ఆ వారంలోనే రెండు నవలలు చదివేశాను. నా చదువుకు అడ్డం పడింది తీరిక లేకపోవడం కాదు, ఆ ఒక్క గుర్తు కాగితం.

అమెరికాలోని సియాటిల్‌కు చెందిన లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ ఇలాంటివారి కోసం ఒక లెక్క చెప్పారు. యాభై పేజీలు చదవండి, అప్పటికీ పట్టకపోతే వదిలేయండి. మీ వయసు యాభై దాటితే నూరులోంచి వయసును తీసివేయగా మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. ఆ లెక్కన 72 ఏళ్ళవారు 28 పేజీలు చదివి తీర్పు చెప్పవచ్చు. వయసు పెరిగేకొద్దీ మిగిలిన తీరిక విలువ పెరుగుతుందన్నది అందులోని తర్కం. అంకె మీకు నచ్చినది పెట్టుకోండి, కానీ పుస్తకం తెరవక ముందే పెట్టుకోండి. గీత దగ్గరికి చేరాక మీరు తేల్చాల్సింది ఒక్కటే, తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఉందా లేదా.

వదిలేసేటప్పుడు ఎందుకు వదులుతున్నారో చూసుకోవడం మాత్రం అవసరం. పుస్తకం మంచిదే గానీ ఇప్పుడు మీ మనసు దానికి సిద్ధంగా లేకపోతే, చీటీ మీద తేదీ వేసి దాచండి, ఏడాది తర్వాత చూడవచ్చు. రచయిత తీరే గిట్టకపోతే, గిట్టేవారికి ఇచ్చేయండి. విషయ ప్రధానమైన పుస్తకంలో మీకు కావలసింది నాలుగో అధ్యాయం ఒక్కటే అయితే, అది చదివి మూసేయడం వదిలేయడం కిందికే రాదు. పాత్రల పేర్లు గందరగోళంగా ఉండడం వల్ల మాత్రం పుస్తకాన్ని వదలకండి. రష్యన్ నవలల్లో ఒకే మనిషిని సొంత పేరుతో, తండ్రి పేరు కలిపి, ముద్దు పేరుతో మూడు రకాలుగా పిలుస్తారు. గుర్తుగా పెట్టుకునే కాగితం మీదే ఎవరు ఎవరో రాసుకుంటే ఆ బాధ ముప్పై పేజీల్లో తీరిపోతుంది.

పూర్తయ్యాక మూడు వాక్యాలు

పుస్తకం మూసేసి, మళ్ళీ తెరవకుండా, గుర్తున్నదాన్ని బట్టి మూడు వాక్యాలు రాయండి. మళ్ళీ మళ్ళీ చదవడం కన్నా చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వల్లే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో చూపించారు. మొదటి వాక్యంలో అది దేని గురించో, రెండో వాక్యంలో మనసులో మిగిలిన ఒక దృశ్యమో విషయమో, మూడో వాక్యంలో ఇలాంటిది ఇంకోటి చదవాలని ఉందో లేదో రాస్తే చాలు. నక్షత్రాలు వేయకండి. ఆరు నెలల తర్వాత నాలుగు నక్షత్రాలు చూస్తే ఏమీ గుర్తు రాదు, ‘ముసలాయన గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చిన చోటు’ అన్న మాట చూస్తే పుస్తకమంతా తిరిగి వస్తుంది. ఇలాంటివి ఓ పది పోగయ్యాక మూడో వాక్యాలను మాత్రం వరసగా చదువుకుంటే, మీ అభిరుచి ఏమిటో మీరు అనుకుంటున్నది వేరు, నిజంగా ఉన్నది వేరు అని బయటపడుతుంది. నాకు చారిత్రక నవలలంటే ఇష్టమని ఏళ్ళ తరబడి అనుకున్నాను, నా వాక్యాల్లో మాత్రం ‘ఇంకోటి కావాలి’ అన్నవన్నీ ప్రకృతి మీదా జంతువుల మీదా రాసిన పుస్తకాలవే.

ఆగిపోయిన చదువును మళ్ళీ ఎత్తుకునేటప్పుడు

ఇంత పద్ధతిగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు నెల రోజులు పుస్తకం ముట్టని రోజులు వస్తాయి. అప్పుడు ఆగిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరిగి మొదలుపెట్టకండి, చదివినదే చదువుతుండగా రెండోసారి విసుగు పుట్టి ఈసారి శాశ్వతంగా ఆగుతుంది. గుర్తు ఉన్న చోటికి వెనక పది పేజీలు చదివి ముందుకు సాగండి, తెగిపోయిన పోగులు చాలావరకు వాటంతట అవే కలుస్తాయి. అలా కూడా సాగకపోతే దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి, గతంలో ఎంతో ఇష్టపడి చదివిన చిన్న పుస్తకాన్ని, వంద పేజీలు దాటనిదాన్ని, మళ్ళీ చదవండి. కథ తెలుసు కాబట్టి శ్రమ ఉండదు, రెండు మూడు రోజుల్లో పూర్తవుతుంది, చేతికి పుస్తకం మళ్ళీ అలవాటవుతుంది. అది అయ్యాక వరసలో ఉన్న రెండు పుస్తకాల అట్టలు తెరిచి, లోపల పెట్టుకున్న చీటీలను చదవండి. అప్పుడు రాసుకున్న కారణం ఇప్పటికీ మీకు నిజమనిపిస్తే ఆ రాత్రికే ఆ పుస్తకం అందుకోండి, అనిపించకపోతే చీటీ చింపేసి, రాబోయే పగటిపూట అరగంటలో దాని స్థానంలోకి ఇంకోదాన్ని తెచ్చుకోండి.